రాయి మీద పోసిన పానకం

ఆయనకి చెమట పట్టింది. నుదుటి మీద, మెడ కింద, ఛాతీ మీద తెల్లవెంట్రుకల మధ్య. పట్టిందని చెప్పి ఏం లాభం, నాకూ పట్టింది, పదకొండింటికి పోయిన కరెంటు ఇంకా రాలేదు, ఈ కొత్త కాలనీలో రేకుల కింద వైశాఖం ఎండలో చెమట పట్టని ప్రాణి ఎక్కడైనా ఉంటే చూపించమనండి. కానీ చీటీలో మొదటి మాట అదే. బరంపురం ఆసుపత్రిలో నర్సమ్మ ఒడియాలో రాసిచ్చిన చీటీ, నా కూతురు మాధవి తెలుగులో చదివి చెప్పింది, మళ్లీ చెప్పించుకున్నాను, మూడోసారి నేనే అప్పజెప్పాను. చెమట, వణుకు, ఆకలి, మగత, పొంతన లేని మాటలు. ఇందులో ఏది కనబడినా షుగరు పడిపోతోందని అనుమానించాలి, వేలు పొడిచి మిషన్‌లో చూడాలి, డెబ్భైకి తక్కువుంటే తీపి తాగించాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. మధ్యాహ్నం అన్నం తిన్న మగవాడికి మగత రాకపోతే కదా అనుమానించాలి. ఇక పొంతన లేని మాటలంటారా, ముప్ఫై ఏళ్లుగా ఈ కొండలుతో కాపురం చేస్తున్నదాన్ని, నన్నడగండి చెబుతాను. ఈ మాటే అంటే మాధవి నవ్వలేదు. ఇప్పుడు నాకూ నవ్వు రావడం లేదు.

రెండూ పది అయింది. ఫోను చాప మీద నా మోకాలి పక్కనే పెట్టుకున్నాను, మూడింటికి అది మోగుతుంది, మోగగానే వేలు పొడవాలి, మాధవి అలా పెట్టి పొద్దున్న బస్సుకి వెళ్లిపోయింది. బరంపురం గేట్ బజార్లో బట్టల షాపులో పని దానికి, మూడు రోజులు సెలవిచ్చారు, నాలుగో రోజు కుదరదన్నారు, సాయంత్రం వస్తూ స్ట్రిప్పులు తెస్తానంది. ఎందుకంటే డబ్బాలో ఒక్కటే మిగిలింది. నాదే తప్పు. నిన్న మధ్యాహ్నం ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన దగ్గితే ఒకటి, ఒత్తిగిలితే ఒకటి. రెండు రక్తం చాలక పాడయ్యాయి. ఒకటి నా వేలికే పొడుచుకుని చూసుకున్నాను, చెమట పట్టిన నాకెంతుంటుందో చూద్దామని, ఏమైనా తెలిసి ఏడిస్తే కదా. ఇంకొకటి పక్కింటి చిట్టమ్మ, జాతకం చూపించుకోవడానికొచ్చినట్టు వేలు చాపుకుని వచ్చింది, "నాకూ సూడప్పా ఒకపాలి" అని, కాదనలేకపోయాను. ఇప్పుడు పొడిస్తే మూడింటికి ఉండదు. మూడింటిదాకా ఆగితే ఈ యాభై నిమిషాలూ ఆయన నిద్రపోతున్నాడో పడిపోతున్నాడో నాకు తెలియదు. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, అదే నా ఖర్మ. పన్నెండింటికి చూస్తే నూట పద్దెనిమిది ఉంది. ఆ తర్వాత కంచం నిండా అన్నం పెట్టాను, కవ్వళ్ల చేపల పులుసు పోశాను, "పెరట్లో గాలికి కూకుని తింటానే" అని పట్టుకెళ్లాడు, ఖాళీ కంచం తెచ్చిచ్చాడు. కాబట్టి భయం లేదు. తిన్నవాడికి భయం లేదు అని నర్సమ్మ కూడా అంది.

ఆయన మింగిన షుగరు మాత్ర ఇంకా ఒంట్లో ఉందట. మూత్రపిండాలు మందగించాయి, అది తొందరగా బయటికి పోదు, ఇంకో రెండు రోజులు కనిపెట్టుకుని ఉండు మావుసీ, వేళకి తిండి తప్పనివ్వకు, అంది నర్సమ్మ. మావుసీ అంటే వాళ్ల భాషలో పిన్ని. ఎంత మాత్ర అది, పెసరగింజంత. నెల కిందట రంభ ఊళ్లో డాక్టరు దగ్గరికెళితే పాతది తీసేసి ఇది రాశాడు, పరగడుపున, టిఫినుకి అరగంట ముందు అన్నాడు, అలాగే బాబూ అన్నాను. టిఫినట. తెల్లవారుజామున మూడింటికి బోటు తోసే మనిషికి టిఫినెక్కడిది. తొలి వల ఎత్తి, మొదటి చేపని గంగమ్మకి నీళ్లలో విడిచేదాకా మా బోట్ల మీద ఎవరూ ఎంగిలిపడరు. టిఫినుకి ముందంటే బోటెక్కే ముందని నా బుర్రకి తోచింది. రోజూ గుమ్మంలో నిలబెట్టి, నా చేత్తోనే నోట్లో వేసి, మింగు మింగు అని నీళ్లు పోశాను. చేపలు తొందరగా పడిన రోజు తొందరగా తినేవాడు కాబోలు, నెల గడిచిపోయింది. శనివారం వల ఎక్కడో రాతికి పట్టేసింది, పొద్దెక్కినా తొలి చేప లేదు. మా ఆచారం డాక్టరుకెలా తెలుస్తుంది, మాత్ర సంగతి గంగమ్మకెలా తెలుస్తుంది. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఈగ వాలింది ఆయన పెదవి మీద. తోలాను. పెదవి కదిపాడు, కదిపాడంటే మనిషి ఉన్నాడు. లేపి పేరడగనా? లేపినప్పుడల్లా పేరడగమంది నర్సమ్మ, పేరు సరిగ్గా చెబితే బుర్రకి చక్కెర అందుతున్నట్టు లెక్క. నిన్నట్నుంచి ఎన్నిసార్లు అడిగానో, పొద్దున్న విసుక్కుని "కొండలు, కొండలు, కొండలు! నా పేరు నాకు తెలీదేటే?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెలియాలయ్యా. శనివారం నాడు తెలియలేదు కదా నీకు.

ఆ రోజు గురువులు కూడా అదే అడిగాడు. అదే ప్రశ్న. గురువులు మా ఊరి పెద్ద, గంగమ్మకి మొక్కులూ మేకపోతులూ ఆయన చేతి మీదే జరుగుతాయి. బోటు ఒడ్డుకొచ్చేసరికి ఈయన తూలుతున్నాడు, ఒళ్లంతా చెమట, భుజాలు అదురుతున్నాయి, చూపు ఎక్కడో ఉంది, తనలో తనే నవ్వుతున్నాడు, ఎవరో పట్టుకోబోతే విదిలించి కొట్టాడు. నోట్లో నాలుక లేని మనిషి ఒకరిని కొట్టడమేమిటి? అమ్మొచ్చింది అన్నారు. తీసుకెళ్లి గంగమ్మ రాయి ముందు ఇసకలో కూర్చోబెట్టారు. పసుపునీళ్లు చల్లారు, వేపమండ చేతికిచ్చారు, డప్పు కొట్టారు, ఆడవాళ్లు తలలు విరబోసుకుని మొక్కారు. నేను కూడా మొక్కాను, అబద్ధమెందుకు. గురువులు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని "ఎవులమ్మా నువ్వు? నీ పేరేటి తల్లీ?" అనడిగాడు. ఈయన పేరు చెప్పలేదు. "ఏటి కావాల తల్లీ నీకు, సెప్పు" అన్నాడు. అప్పుడు ఈయన గొంతు పెగిలింది, తన గొంతు కాదు, చిన్నపిల్లాడి గొంతు, "తియ్యగ... తియ్యగేటైనా ఎట్టండి" అన్నాడు.

పానకం! అమ్మ పానకం అడుగుతున్నాది! బేగి ఎల్లు కన్నమ్మా! అని అందరూ అరిచారు. నేనే పరుగెత్తాను. మొగుడి మీదికి అమ్మొస్తే పెళ్లాం కాకపోతే ఎవరు చేస్తారు. కాళ్లు ఇసకలో కూరుకుపోతున్నాయి, ఇంట్లో బెల్లం దిమ్మ కత్తిపీటతో చెక్కాను, కంగారులో వేలు తెగింది, చెంబు నీళ్లలో పిసికాను, మిరియం కూడా దంచి వేశాను, లోపం రాకూడదని. మళ్లీ పరుగు. ఆయన నన్ను చూశాడు. నన్ను కాదు, చెంబుని చూశాడు. చెయ్యి చాపాడు కూడా, ఆ చెయ్యి వణుకుతోంది, నాకిప్పుడు కూడా కనబడుతోంది ఆ చెయ్యి. అమ్మ దిగేదాకా మనిషి నోట్లో ఏమీ పెట్టకూడదు, అది ఆచారం, అది నాకు పుట్టినప్పట్నుంచి తెలుసు. ఆ చేతిని దాటుకుని వెళ్లి రాయి మీద పోశాను. చుక్క పక్కకి పోకుండా, చెంబెడూ పోశాను. రాయి తడిసింది, ఇసక తాగింది, ఈగలొచ్చాయి. ఆయన ఆ తడి ఇసక వైపు చూస్తూ చూస్తూ పక్కకి ఒరిగి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

షుగరు ఇరవై ఎనిమిది ఉందట బరంపురం ఆసుపత్రికెళ్లేసరికి. ఆటోలో ఛత్రపురం దాటేదాకా నా ఒళ్లో తల అలా దొర్లుతూనే ఉంది. చేతి నరంలోకి గ్లూకోజు ఎక్కించారు, అది సగం కూడా ఎక్కలేదు, కళ్లు తెరిచి "బోటు పైకి లాగీసినారా?" అన్నాడు. అంతే. ఇంత చక్కెర నీళ్లు. నర్సమ్మ చిన్నపిల్ల, నా మాధవి వయసుంటుంది, నా భుజం మీద చెయ్యేసి "డరిబ నాహి మావుసీ" అంది, భయపడకమని. తర్వాత కాగితం మీద రాసుకుంటూ అడిగింది, పడిపోయే ముందు తీపి ఏమైనా అడిగాడా, మీరేమైనా ఇచ్చారా అని. నాహి, లేదు, అన్నాను. ఎంత గబుక్కున వచ్చేసిందో ఆ మాట. పాపం ఆ పిల్ల ఈసారి అడిగితే ఇవ్వండి మావుసీ అని చీనీ పాణి, అదే పంచదార నీళ్లు, ఎలా కలపాలో, ఎన్ని చెంచాలో, నాకు వేళ్ల మీద చూపించింది. నేను బుద్ధిగా తలూపాను. ముప్ఫై ఏళ్లు ఈయన నన్నేమీ అడగలేదు, కూర బాగులేదని కూడా అనలేదు, ఒక్కసారి అడిగాడు.

రెండూ పాతిక. ఊపిరి చూశాను, ఆడుతోంది. చెమట తుడిచాను, మళ్లీ పట్టింది. నిన్న సాయంత్రం నుంచి ఇంటికి జనం. కాళ్లకి దణ్ణాలు పెడుతున్నారు. ఎవరి కాళ్లకి, జీవితమంతా ఒకరి బోటు మీద తాడు లాగినవాడికి, ఊరి కూటంలో వెనక వరసలో కూర్చుని చుట్ట నలుపుకునేవాడికి. కొబ్బరికాయలు తెచ్చారు, బిడ్డల్ని తెచ్చి ఒళ్లో వేశారు, ఈయన నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు నేను. పెళ్లిలో కూడా వంగే కూర్చున్నాడు. నేను గురువులుతో చెప్పాను, అది అమ్మ కాదు మావా, షుగరు పడిపోయింది, డాక్టరే చెప్పాడు అని. గురువులు కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. నవ్వుతూ, "షుగరు ఊర్లో సానామందికి ఉన్నాది కన్నమ్మా. అమ్మ అందరి మీదకీ ఒస్తాదేటి? డాకటేరు బాబు కాడ షుగరు సూసే మిసనుంది గానీ అమ్మని సూసే మిసనున్నాదా?" అన్నాడు. అందరూ నవ్వారు, ఈయన కూడా నవ్వాడు. నేను గంగమ్మని కాదనే మనిషిని కాదు. ఆ తల్లి వస్తుంది, మా అమ్మ మీదికి రావడం నా కళ్లతో చూశాను. కానీ శనివారం నాడు వచ్చింది తల్లి కాదు, నేనిచ్చిన పెసరగింజ. అది ఎవరికి అర్థమయ్యేలా చెప్పను? రేపు మంగళవారం మూడింటికి వచ్చి రాయి దగ్గరికి తీసుకెళతాం, అమ్మ ఎక్కే మనిషి ఆ పూట పస్తుండాల, అన్నాడు గురువులు. చస్తాడు అన్నాను. "సర్లే, తిననీ" అన్నాడు. "తింటాన్లే" అన్నాడు ఈయన, నా వైపు చూడకుండా.

కాకులు గోల చేస్తున్నాయి పెరట్లో. ఎంతసేపటి నుంచో చేస్తున్నాయి, ఇప్పుడు వినబడింది నాకు. ఎండకి రెక్క ఆడించని కాకులు ఈ వేళప్పుడు ఎందుకు అరుస్తున్నాయి. లేచి వెళ్లాను, ఆయన వైపు చూసుకుంటూ వెళ్లాను, చిరిగిన వల కుప్ప వెనక ఆరు కాకులు, నన్ను చూసి కూడా ఎగరలేదు, అంత కడుపుకక్కుర్తిలో ఉన్నాయి. అన్నం. నా అన్నం. కంచంలో ఎలా పెట్టానో అలాగే బోర్లించి ఉంది, పులుసు ఇసకలో ఇంకిపోయింది, కవ్వళ్లు కాకులు తినేశాయి. ఒక్క ముద్ద కూడా కలపలేదు. పన్నెండున్నరకి. మరి పొద్దున్న ఇచ్చిన గంజి? గ్లాసు పట్టుకుని పెరట్లోకే కదా వెళ్లాడు. తొమ్మిదింటికి బిస్కెట్లు? ఓరి దేవుడా, నోట్లో నాలుక లేనివాడనుకున్నాను, నన్ను మోసం చేయడం ఎప్పుడు నేర్చుకున్నావయ్యా నువ్వు.

ఇప్పుడిక మూడింటి సంగతి ఎవడిక్కావాలి. డబ్బా తెరిచాను, తొందరలో స్ట్రిప్పు జారి చాప మీద పడింది, పట్టుకున్నాను, మిషన్లో దూర్చాను. వేలు చల్లగా ఉంది, ఈ ఎండలో వేలు చల్లగా ఉంది. పొడిచాను. రక్తం రాలేదు, నొక్కాను, పాలు పితికినట్టు పితికాను, వచ్చింది. మిషన్ ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెడుతుంది, ఆ ఐదు అంకెలు నా జన్మలో అంత పొడుగ్గా ఎప్పుడూ లేవు. యాభై నాలుగు. ఎవరో వచ్చి ఇది చూస్తే బాగుండును. నేను ఒక్కదాన్నే చూశాను.

"ఏటయ్యా. లెగు. నీ పేరేటి?"

కళ్లు తెరిచాడు. సగమే తెరిచాడు. ఎవరినో వెతుకుతున్నట్టు రేకుల కేసి చూశాడు. పంచదార నీళ్లు ముందే కలిపి ఉంచాను, గ్లాసు పెదవికి ఆనించాను, తాగు, తాగు. పళ్లు బిగించాడు. "ఒగ్గీ. ఉపాసం." అరే, ఉపవాసం గుర్తుంది మనిషికి, పేరు గుర్తు లేదు. చంపకు నన్ను, తాగయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను, మాధవి మీద ఒట్టు, తిట్టాను కూడా, నోటికొచ్చినవన్నీ తిట్టాను, గడ్డం పట్టుకుని నోరు తెరవబోతే శనివారం నాటి బలం వచ్చేసింది ఆ చేతికి, ఒక్క విదిలింపు, గ్లాసు గోడకి తగిలింది. నీళ్లన్నీ చాప మీద. చిట్టమ్మా అని అరిచాను, చిట్టమ్మ కూడా పోయినట్టుంది, ఊరంతా రాయి దగ్గరే ఉన్నట్టుంది, డప్పు దూరంగా మొదలైంది. పూర్తిగా పడిపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరికి అడ్డం పడుతుంది, అదీ చెప్పింది నర్సమ్మ. ఇంకెంతసేపుంటుంది ఈ సగం తెలివి? పెళ్లాం మాట ఎప్పుడైనా కాదన్నాడా ఈయన, ఇప్పుడు కాదంటున్నాడు, పెళ్లాం మాట పనికి రావడం లేదు.

బెల్లం మిగిలింది. శనివారం చెక్కిన దిమ్మే. నా బుద్ధి నాకు చెప్పలేదు, చేతులే చేశాయి, అదే చెంబు, అవే నీళ్లు, పిసికాను. మిరియం వేయలేదు. తెచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. జుట్టు ముడి విప్పేశాను. సిగ్గేసింది నాకు, ఎవరూ లేకపోయినా సిగ్గేసింది. రెండు చేతులతో చెంబు పైకెత్తాను.

"తల్లీ గంగమ్మా. నువ్వు అడిగిన పానకం తెచ్చినాను తల్లీ. ఆ దినం రాయి మీద పోసీసినాను, తప్పయిపోనాది. సేయి సాపితే ఇయ్యనేదు. ఇయ్యాల నీ నోటికే తెచ్చినాను. తాగు తల్లీ. నన్ను సమించీసి తాగు."

చూశాడు. నన్ను కాదు, చెంబుని. నోరు తెరిచాడు. కొంచెం కొంచెంగా పోశాను, గుటక పడే చప్పుడు వింటూ పోశాను, ఒక గుటక, రెండు, మూడు, గడ్డం మీద కారింది తుడిచాను, చెంబు సగం అయ్యేదాకా ఆపలేదు. దొంగమాట కాదది, నేను ఎవరికి చెప్పానో నాకు మాత్రం తెలుసు. ఏడుస్తున్నానని కూడా అప్పుడే తెలిసింది. తాగాడు. గంగమ్మ తల్లీ, నా మొగుడు తాగాడు.

గుమ్మంలో వెలుతురు తగ్గింది. తల తిప్పాను. గురువులు నిలబడి ఉన్నాడు, వెనక నలుగురో ఐదుగురో, డప్పు ఆపేశారు, వాళ్ల వెనక చిట్టమ్మ. ఎప్పుడొచ్చారో, ఎంతదాకా విన్నారో. జుట్టు విరబోసుకుని, చెంబెత్తి, మొగుడి ముందు మోకాళ్ల మీద నేను. చిట్టమ్మ చేతులు జోడించింది.

"ఇన్నారా?" అన్నాడు గురువులు మెల్లగా. "కాదు కాదన్నాది. ఇంటిదే ఒప్పుకున్నాది."

యాభై నాలుగు మావా. యాభై నాలుగుంది, మిషన్లో చూడండి. అందామని మిషను వెతికితే దాని అద్దం ఆరిపోయి ఉంది. అప్పుడే ఫోను మోగింది. మూడు గంటలు. దాని పాట అది పాడుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. పావుగంట ఆగి మళ్లీ చూడాలి, డబ్బాలో స్ట్రిప్పు లేదు, సాయంత్రం దాకా లేదు. అడగడం ఒక్కటే మిగిలింది నాకు. ఆయన మొహానికి దగ్గరగా జరిగాను. చెమట ఆరుతోంది. చెయ్యి పట్టుకున్నాను, వేలు కొంచెం వెచ్చబడింది. కళ్లు తేటబడుతున్నాయి, నా కళ్లలోకే చూస్తున్నాడు, నన్నే చూస్తున్నాడు, ముప్ఫై ఏళ్లుగా చూసిన చూపే.

"నీ పేరేటయ్యా?" అన్నాను. "సెప్పు. ఒక్కపాలి సెప్పీ. ఈలందరికీ ఇనబడాల."

నా మొహం చూశాడు. నా విరబోసిన జుట్టు చూశాడు. గుమ్మంలో చేతులు జోడించి నిలబడినవాళ్లని ఒక్కొక్కరినీ చూశాడు. మెల్లగా నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పేరు చెప్పలేదు.